స్కూల్లో సస్పెండ్ చేశారా? టీసీ తీసుకోమన్నారా? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రుల కోసం ఈ పేజీ. "మా వాడిని వారం రోజులు రావద్దన్నారు", "టీసీ తీసుకోకపోతే పరీక్ష రాయనివ్వమంటున్నారు" అంటూ ఏడాది పొడవునా అవే సందేహాలు వస్తుంటాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. మన దగ్గర స్కూలు సస్పెన్షన్లు చాలా వరకు నోటిమాటతోనే నడుస్తాయి. ఆఫీసు రూములో ప్రిన్సిపల్ ఒక మాట అంటారు, మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు, అంతే. కాగితం లేనప్పుడు రేపు ఎవరి మాట వాళ్లది. అందుకే చాలా జవాబుల్లో "రాసి ఇవ్వమనండి" అని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. విసుక్కోవద్దు.

## అడ్మిషన్ నాటి సంగతులు

అసలు పిల్లల్ని సస్పెండ్ చేసే అధికారం స్కూలుకు ఉందా?

విద్యాహక్కు చట్టం (2009) సస్పెన్షన్ గురించి ఏమీ చెప్పదు. బడి నుంచి తీసేయడం గురించి మాత్రం గట్టిగా చెబుతుంది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ, పిల్లాడినీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో ఈ సెక్షన్‌ను సవరించి ఐదు, ఎనిమిది తరగతుల పరీక్షల్లో ఫెయిలైతే అదే క్లాసులో ఉంచే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. తీసేయకూడదన్న నిషేధాన్ని మాత్రం కదపలేదు.

కాబట్టి రెండు మూడు రోజులు ఇంట్లో ఉంచమనడం స్కూలు తన సొంత నియమాల ప్రకారం చేసే పని. "మేం చెప్పేదాకా పంపొద్దు" అంటే అది పేరుకే సస్పెన్షన్, నిజానికి తీసేయడమే. చట్టం తానుగా "సస్పెండ్ చేయాలి" అని చెప్పే సందర్భం ఒకటుంది. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం కింద, ఫిర్యాదులో నిజముందని ప్రాథమికంగా తేలితే సంస్థ అధిపతి ఆ విద్యార్థిని సస్పెండ్ చేయాల్సిందే. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ చట్టం హాస్టళ్లకు కూడా వర్తిస్తుంది.

అడ్మిషన్ ఫారంలో "స్కూలు ఏ చర్య తీసుకున్నా అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టేశాం. ఇప్పుడు నోరు మూసుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. చట్టం పిల్లలకు ఇచ్చిన రక్షణను తల్లిదండ్రుల సంతకం తీసేయలేదు. ఆ ఫారం ఆధారంగా యూనిఫాం, హాజరు, ఫోన్ల వంటి నియమాలు పాటించమని స్కూలు అడగొచ్చు. కొట్టడానికో, ఆరో తరగతి పిల్లను తీసేయడానికో అది లైసెన్స్ కాదు. డైరీ వెనక పేజీల్లో అచ్చేసే నియమాలను జూన్‌లోనే ఒకసారి చదివి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. గొడవ వచ్చాక ఆ డైరీ ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

మాది ప్రైవేట్ స్కూలు. పేద పిల్లలకు ఉచితంగా ఇచ్చే 25 శాతం కోటా సీటు కూడా కాదు. విద్యాహక్కు చట్టం మాకు పనికొస్తుందా?

పనికొస్తుంది. ఆ చట్టంలో స్కూలు అంటే ప్రభుత్వ, ఎయిడెడ్, అన్ఎయిడెడ్ బడులన్నీ వస్తాయి. తీసేయకూడదు, కొట్టకూడదు అన్న నిషేధాలు ఫీజు కట్టి చదివే పిల్లలకూ అంతే వర్తిస్తాయి. సీబీఎస్‌ఈ అయినా, స్టేట్ సిలబస్ అయినా తేడా లేదు.

మినహాయింపులు ఉన్నాయి. మదర్సాలు, వేద పాఠశాలలు ఈ చట్టం పరిధిలోకి రావు. మైనారిటీ సంస్థలు నడిపే స్కూళ్లకు ఇది వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయితే మీ స్కూలు పేరులో "సెయింట్" అని ఉన్నంత మాత్రాన అది మైనారిటీ స్కూలు అయిపోదు. మైనారిటీ హోదా సర్టిఫికెట్ ఉందేమో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో అడగండి. ఆ హోదా ఉన్న స్కూల్లో కూడా పిల్లల్ని హింసిస్తే బాలల న్యాయ చట్టం (2015) వర్తిస్తుంది.

## ఫోన్ వచ్చిన రోజు

"వెంటనే రండి, మీ వాడు గొడవ చేశాడు" అని ఫోన్ వచ్చింది. వెళ్లగానే ఏం చేయాలి?

చేయకూడనిది ముందు చెప్తాను. ప్రిన్సిపల్ ముందు మీ పిల్లాణ్ణి కొట్టొద్దు. చాలామంది తండ్రులు లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే చెంప మీద ఒకటి ఇస్తారు. సార్ శాంతిస్తారని వాళ్ల ఆశ. అసలేం జరిగిందో అప్పటికి వాళ్లకే తెలియదు. ఆ దెబ్బతో పిల్లాడు నోరు విప్పడం మానేస్తాడు, స్కూలు చెప్పిందే ఖాయమైపోతుంది.

పిల్లాడితో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడతామని అడగండి. తర్వాత స్కూలు వాళ్లను అడగాల్సినవి ఇవి: ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగింది? ఎవరు చూశారు? మా వాణ్ణి అడిగినప్పుడు ఏమన్నాడు? సీసీ కెమెరా ఉన్నచోట జరిగితే ఆ రికార్డింగ్ చెరిగిపోకుండా ఉంచమని అప్పుడే చెప్పండి. కొద్ది రోజులకే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంటుంది.

మా అమ్మాయి చేత "తప్పు నాదే" అని లెటర్ రాయించుకున్నారు. మాకు చూపించను కూడా లేదు.

ఇంట్లోవాళ్లు లేకుండా, భయపడుతున్న పిల్ల చేత రాయించిన కాగితానికి పెద్ద విలువ ఉండదు. అలాగని వదిలేస్తే ఫైల్లో అదొక్కటే ఉంటుంది. అదే రోజు మీరొక లెటర్ ఇవ్వండి: "మా అమ్మాయి చేత ఈ రోజు మేము లేని సమయంలో ఒక లెటర్ రాయించినట్టు తెలిసింది. దాని కాపీ ఇవ్వగలరు. జరిగిన విషయం గురించి మా అమ్మాయి చెబుతున్నది ఇది..." అని క్లుప్తంగా. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే లెటర్‌ను స్కూలు ఈమెయిల్‌కో, రిజిస్టర్డ్ పోస్టులోనో పంపండి.

ఇంకోసారి తప్పు చేస్తే టీసీ తీసుకుంటామని మమ్మల్ని తెల్లకాగితం మీద రాసివ్వమంటున్నారు. రాయాలా?

ఆ వాక్యం రాయొద్దు. మన స్కూళ్లలో పిల్లల్ని పంపించేయడానికి ఎక్కువగా వాడేది ఈ కాగితమే. మూడు నెలల తర్వాత పెన్సిల్ బాక్సు గురించి గొడవైనా "మీరే రాసిచ్చారుగా" అంటూ దాన్నే బయటికి తీస్తారు. స్కూలు మిమ్మల్ని తీసేసినట్టు రికార్డులో ఉండదు, మీరే వెళ్లిపోయినట్టు ఉంటుంది.

ఏమీ రాయనంటే గొడవ ముదురుతుంది కాబట్టి, ఇలా రాయండి: "ఫలానా తేదీన జరిగిన విషయం మాకు తెలియజేశారు. మా అబ్బాయితో మాట్లాడాం. ఇకపై స్కూలు నియమాలు పాటించేలా చూసుకుంటాం." అంతే. చేయని తప్పును ఒప్పుకోవద్దు, టీసీ అన్న మాట రానివ్వొద్దు. మీరు రాసిన దాన్ని ఫొటో తీసుకున్నాకే చేతికివ్వండి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే ఎవరడిగినా పెట్టొద్దు.

కొట్టారు. ఒంటి మీద వాతలు తేలాయి. ఏం చేయాలి?

ముందు ఫొటోలు, తర్వాత ప్రభుత్వాసుపత్రి. వాతలు ఒకటి రెండు రోజుల్లో మాసిపోతాయి. అదే రోజు డాక్టరుకు చూపించి, "టీచర్ కొట్టారు" అన్న మాట ఓపీ చీటీలో రాయించండి.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. చేసినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద, తన సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసిస్తే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. పిల్లల సంరక్షణ బాధ్యత అప్పగించిన సంస్థ ఉద్యోగులైతే శిక్ష 5 ఏళ్ల దాకా వెళ్తుంది. ఈ చట్టం 18 ఏళ్లు నిండని అందరికీ వర్తిస్తుంది కాబట్టి టెన్త్, ఇంటర్ పిల్లలకూ రక్షణే. వెంటనే సాయం కావాలంటే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.

గోడకుర్చీ, గుంజీలు, ఎండలో నిలబెట్టడం కూడా శారీరక దండనేనా? చెయ్యి తగల్లేదు కదా.

దండనే. చేత్తో కొట్టారా, బెత్తంతో కొట్టారా అన్నది కాదు, పిల్లల ఒంటికి బాధ కలిగించారా అన్నదే లెక్క. గోడకుర్చీ వేయించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, బ్యాగు నెత్తిన పెట్టించి గ్రౌండు చుట్టూ పరుగెత్తించడం, బాత్‌రూముకు వెళ్లనివ్వకపోవడం, అన్నీ ఇందులోకే వస్తాయి. క్లాసు ముందు కులం పేరుతోనో, అమ్మానాన్నల పని పేరుతోనో హేళన చేస్తే అది మానసిక వేధింపు. తప్పు రాసిన పదాన్ని పదిసార్లు రాయించడం చదువు కిందకే వస్తుంది. రాత్రి పన్నెండు దాకా కూర్చుని రాయాల్సినంత ఇంపోజిషన్ ఇస్తే మాత్రం అది చదువు కాదు.

పేరెంట్స్ మీటింగులో మేమే "నాలుగు తగిలించండి సార్" అన్నాం. ఇప్పుడు కంప్లయింట్ ఇవ్వడానికి మాకు ముఖం ఉందా?

చట్టం మీ అనుమతిని లెక్కలోకి తీసుకోదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే కొట్టొచ్చని 17వ సెక్షన్‌లో ఎక్కడా లేదు. కంప్లయింట్ ఇవ్వొచ్చు. "దండం దశగుణం భవేత్" అంటూ పెరిగిన తరం మనది, ఆ మాట నోట్లోంచి వచ్చేస్తుంది. వచ్చే మీటింగులో అందరి ముందూ "కొట్టొద్దు సార్, ఏదైనా ఉంటే మాకు చెప్పండి" అని ఒకరు అంటే, మిగతా వాళ్లకూ ధైర్యం వస్తుంది.

క్లాసులో ఫోన్ పట్టుబడింది. లాక్కుని, ఏడాది చివర ఇస్తామంటున్నారు.

ఫోన్ తేవద్దని నియమం ఉంటే తీసుకోవచ్చు. నెలల తరబడి అట్టిపెట్టుకోవడానికి, అందరి ముందు పగలగొట్టడానికి, లోపలి మెసేజ్‌లు, ఫొటోలు తెరిచి చూడటానికి మాత్రం అధికారం లేదు. మీరు వెళ్లి సంతకం పెట్టి తెచ్చుకోండి. రెండోసారి దొరికితే స్కూలు కోపంలో న్యాయం ఉందనే అంటాను.

ఫీజు బాకీ ఉందని పాపను క్లాసు బయట నిలబెట్టారు. ఇది కూడా క్రమశిక్షణేనా?

కాదు. ఫీజు అనేది మీకూ యాజమాన్యానికీ మధ్య వ్యవహారం, అందులో పిల్ల తప్పేమీ లేదు. అందరి ముందు పేరు చదివి లేపడం, బయట కూర్చోబెట్టడం మానసిక వేధింపే. కోవిడ్ కాలపు ఫీజుల మీద 2021 మే 3న రాజస్థాన్ స్కూళ్ల కేసులో, బకాయి ఉందని ఆ ఏడాది పిల్లల్ని క్లాసులకు రానివ్వకుండా ఆపొద్దని, ఫలితాలు నిలిపివేయొద్దని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫీజు మొత్తమే వద్దని మాత్రం కాదు. కట్టలేని పరిస్థితి ఉంటే వాయిదాలు అడుగుతూ లెటర్ ఇవ్వండి. అది తర్వాత మీకు ఆధారంగా ఉంటుంది.

## సస్పెన్షన్ నడుస్తుండగా

ఎన్ని రోజులు సస్పెండ్ చేయొచ్చు?

మన రెండు రాష్ట్రాల స్కూళ్లకు ఇన్ని రోజులే అని విద్యాహక్కు చట్టం లెక్క చెప్పలేదు. అందుకే మొదటి రోజే మూడు విషయాలు రాసివ్వమని అడగండి: ఏ తప్పుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరి నిర్ణయం. తిరిగొచ్చే తేదీ లేని సస్పెన్షన్‌ను ఒప్పుకోవద్దు. రాసివ్వకపోతే మీరే రాయండి: "ఈ రోజు మా అబ్బాయిని బడికి రావద్దని నోటిమాటగా చెప్పారు. కారణం, గడువు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. అంతవరకు వాణ్ణి బడికి పంపుతాం." తర్వాత నిజంగానే పంపండి. గేటు దగ్గర ఆపితే, యూనిఫాంలో బ్యాగుతో ఉన్న పిల్లాణ్ణి వెనక్కి పంపారన్నది ఇక రుజువు చేయగలిగిన విషయం అవుతుంది.

ఆ రోజుల అటెండెన్స్ ఏమవుతుంది? మధ్యలో యూనిట్ టెస్టులున్నాయి.

రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేస్తే, స్కూలే రావద్దన్నదని మీ దగ్గర కాగితం ఉండాలి. సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్షలకు 75 శాతం హాజరు కావాలి. ఇంటర్‌లో 75 కంటే తగ్గి 60 దాకా ఉంటే హాజరు తగ్గినందుకు కండొనేషన్ ఫీజు కట్టించుకుని పరీక్షకు అనుమతిస్తారు. హాజరు అంచున ఉన్న పిల్లలకు వారం రోజుల సస్పెన్షన్ కూడా బరువే. పరీక్షల రోజుల్లో వచ్చి రాసి వెళ్లడానికి అనుమతివ్వమని విడిగా అడగండి. చాలామంది ప్రిన్సిపల్స్ దీనికి ఒప్పుకుంటారు. నోట్సు ఎవరి దగ్గర తీసుకోవాలో క్లాస్ టీచర్‌నే అడిగి పెట్టుకోండి.

ఇద్దరు కొట్టుకున్నారు. అవతలి అబ్బాయి కరస్పాండెంట్‌కు తెలిసినవాళ్ల అబ్బాయి. మావాడినే సస్పెండ్ చేశారు.

"వాణ్ణెందుకు వదిలేశారు" అని మొదలుపెడితే మాట పక్కదారి పడుతుంది. మీవాడి వైపు ఎవరు విన్నారు, సాక్షులు ఎవరు, అదే నియమం ఇద్దరికీ వర్తించిందా అని రాతపూర్వకంగా అడగండి. అవతలి అబ్బాయి పేరును క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్లే మర్నాడు మీ మీద ఫిర్యాదుకు ఆధారం అవుతాయి. గొడవలో కులం పేరుతో దూషణ, లైంగిక వేధింపు లాంటివి ఉంటే అది స్కూలు స్థాయిలో సర్దుకునే విషయం కాదు. లైంగిక వేధింపు సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద నేరం. స్కూలు పరువు పోతుందని దాచే యాజమాన్యానికీ అది వర్తిస్తుంది.

మా వాడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. యూనిఫాం లేదని వెనక్కి పంపేశారు.

ప్రతి కార్తీక మాసంలోనూ ఎక్కడో ఒకచోట ఈ గొడవ వస్తుంది. సాయంత్రానికి టీవీల వాళ్లు గేటు ముందు ఉంటారు, పిల్లాడి చదువు ఎవరికీ పట్టదు. మాల వేయడానికి ముందే, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు దీక్ష అన్నది రాసి ప్రిన్సిపల్‌కు ఇస్తే చాలా చోట్ల సర్దుబాటు జరుగుతుంది. యూనిఫాం మీద కండువా, చెప్పులు లేకుండా రావడం వంటి మధ్యేమార్గం దొరుకుతుంది.

స్కూలు ససేమిరా అంటే, నమ్మకం విషయంలో పిల్లల్ని తీసేయడంపై సుప్రీంకోర్టు మాట ఒకటుంది. 1985లో కేరళలో జాతీయగీతం పాడనందుకు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. వాళ్లు గీతం వస్తున్నంతసేపూ గౌరవంగా నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు, అంతే. 1986 ఆగస్టులో వాళ్లను తిరిగి చేర్చుకోమని తీర్పు వచ్చింది. దాన్ని రాసింది, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. అది యూనిఫాం కేసు కాదు కాబట్టి నేరుగా అతికించలేం. అయినా ఎవరికీ అడ్డం కాని నమ్మకం కోసం బడి తలుపు మూయకూడదని చెప్పడానికి అంతకంటే గట్టి ఆధారం లేదు.

పోలీసులను పిలిచామంటున్నారు. మా అబ్బాయికి 15 ఏళ్లు. స్టేషన్‌కు తీసుకెళ్తారా?

18 ఏళ్లలోపు పిల్లల్ని లాకప్‌లో గానీ, జైల్లో గానీ పెట్టకూడదు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లోపు బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి, తల్లిదండ్రులకు చెప్పాలి. తీవ్రాతితీవ్రమైన నేరాలు, పెద్దవాళ్లతో కలిసి చేసినవి తప్ప, మామూలుగా పిల్లలపై ఎఫ్‌ఐఆర్ కట్టరు. పిల్లాడి పేరు, ఫొటో బయటపెట్టడం నేరం. "స్టేషన్‌లో ఒక పూట కూర్చోబెడితే బుద్ధొస్తుంది" అనే సలహా ఇచ్చే బంధువులుంటారు. వినొద్దు.

మా బాబుకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం). కుదురుగా కూర్చోడని రెండుసార్లు ఇంటికి పంపారు.

డాక్టర్ రిపోర్టు కాపీని లెటర్‌తో జతచేసి స్కూలుకు ఇవ్వండి, ముద్ర వేయించుకోండి. రిపోర్టు ఫైల్లోకి వెళ్లాక, ఆ లక్షణానికే శిక్ష వేయడం స్కూలుకు కష్టమవుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ప్రకారం ప్రభుత్వ నిధులతో గానీ, గుర్తింపుతో గానీ నడిచే బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లల అవసరానికి తగ్గ సౌకర్యాలు కల్పించాలి. ముందు బెంచీలో సీటు, మధ్యమధ్యలో లేచి తిరిగే వీలు, పరీక్షలో అదనపు సమయం వంటివి పేరుపేరునా అడగండి. "కాస్త చూసుకోండి మేడమ్" అంటే ఏదీ జరగదు.

## టీసీ తీసుకోమన్నప్పుడు

ఏడో తరగతి. "మేం తీసేయడం లేదు, మీరే టీసీకి అప్లై చేసుకోండి" అంటున్నారు.

అప్లికేషన్ పెట్టొద్దు. ఎనిమిది పూర్తయ్యేదాకా తీసేయడం కుదరదని స్కూలుకు బాగా తెలుసు. అందుకే మీ చేత అడిగిస్తారు. మీ సంతకంతో టీసీ దరఖాస్తు ఉంటే ఏ అధికారి దగ్గరికి వెళ్లినా "వీళ్లే వెళ్లిపోయారు" అని తేలిపోతుంది. మర్యాదగా ఇంతే చెప్పండి: "మా పాప ఇక్కడే చదువుతుంది. మీరు తీసేస్తున్నట్లయితే, కారణంతో ఆర్డర్ ఇవ్వండి." ఆ ఆర్డర్ సాధారణంగా రాదు.

మీకే ఆ స్కూలు మీద మనసు విరిగి మారాలనుకుంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా కొత్త చోట సీటు ఖాయం చేసుకున్నాకే టీసీ అడగండి.

తొమ్మిదో తరగతి. ఇప్పుడు తీసేయొచ్చా?

ఎనిమిది దాటాక 16వ సెక్షన్ రక్షణ ఉండదు. అలాగని ఇష్టారాజ్యం కాదు. ఆరోపణ ఏమిటో చెప్పాలి, పిల్లాడి మాట వినాలి, కారణాలతో రాసివ్వాలి. ఇవి లేకుండా తీసేస్తే డీఈఓ దగ్గర, అవసరమైతే హైకోర్టులో ప్రశ్నించవచ్చు.

ఒక అనుమానం చెప్తాను. తొమ్మిది చివర్లో వచ్చే "క్రమశిక్షణ" టీసీల్లో చాలా వాటి వెనక మార్కులుంటాయి. టెన్త్ ఫలితాల ఫ్లెక్సీ మీద నూటికి నూరు శాతం కనపడాలంటే తప్పేలా ఉన్న పిల్లలు ముందే వెళ్లిపోవాలి. మీవాడి మీద ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ లేకుండా ఫిబ్రవరిలో హఠాత్తుగా "ప్రవర్తన బాగోలేదు" అంటే, పాత డైరీలు, ప్రోగ్రెస్ కార్డులు తీసి చూపించండి. ప్రోగ్రెస్ కార్డులో కండక్ట్ "గుడ్" అని వాళ్లే రాసి ఉంటారు.

టీసీలో ఎర్ర ఇంకుతో రాస్తామని బెదిరిస్తున్నారు. ఇక ఎక్కడా సీటు రాదా?

టీసీలో ప్రవర్తన కోసం ఒక గడి ఉంటుంది. అందులో మామూలుగా "గుడ్", "సంతృప్తికరం" అని రాస్తారు. తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఆ గడి, పుట్టిన తేదీ, పేరు స్పెల్లింగ్, పుట్టుమచ్చలు అన్నీ చదవండి. విచారణ లేకుండా చెడుగా రాస్తే అక్కడే అభ్యంతరం రాసివ్వండి, సవరించమని డీఈఓకు ఫిర్యాదు చేయండి. నిజానికి ఇది అమలయ్యే దానికంటే బెదిరింపుగానే ఎక్కువ పనిచేస్తుంది. అలా రాస్తే ఎందుకు రాశారో రేపు స్కూలే చెప్పుకోవాలి.

మేమే మారతామంటే టీసీ ఇవ్వడం లేదు. నెల దాటింది.

ఒకటి నుంచి ఎనిమిది వరకు పిల్లలు ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారుతుంటే విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ స్పష్టంగా ఉంది. టీసీ వెంటనే ఇవ్వాలి, ఆలస్యం చేసిన హెడ్మాస్టర్‌పై క్రమశిక్షణ చర్య ఉంటుంది, టీసీ రాలేదని కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదు. కాబట్టి ముందు పిల్లను బడిలో చేర్చండి. ప్రైవేట్ నుంచి ప్రైవేట్‌కు మారేటప్పుడు ఆ సెక్షన్ నేరుగా పనికిరాదు, ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా ఒత్తిడి తేవాలి.

కాగితం టీసీతో పని అయిపోదు. పాత స్కూలు ఆన్‌లైన్‌లో, అంటే విద్యార్థుల వివరాలుండే యూడైస్, చైల్డ్ ఇన్ఫో ప్రభుత్వ పోర్టళ్లలో, మీ పిల్లను తమ జాబితా నుంచి వదలాలి. లేకపోతే కొత్త స్కూల్లో పేరు ఎక్కదు. టీసీ చేతికిచ్చి దీన్ని తొక్కిపెట్టే స్కూళ్లున్నాయి. పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత నంబరు) రాసి పెట్టుకుని ఎంఈఓ ఆఫీసులోని కంప్యూటర్ ఆపరేటర్‌ను కలవండి. ఏ స్కూలు దగ్గర ఆగిందో అక్కడ చూసి చెబుతారు.

గురుకులంలో చదివే పాపను తీసుకెళ్లిపొమ్మన్నారు. సీటు పోయినట్టేనా?

హాస్టల్ నుంచి కొన్నాళ్లు ఇంటికి పంపడం వేరు, సీటు రద్దు వేరు. పాపను అప్పగించేటప్పుడు రిజిస్టర్‌లో ఏ కారణం రాశారో చదివాకే సంతకం పెట్టండి. "ఇష్టపూర్వకంగా తీసుకెళ్తున్నాం" అని ఉంటే కొట్టేయించండి. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు ప్రభుత్వ బడులే కాబట్టి ఎనిమిది దాకా తీసేయకూడదన్న నియమం పూర్తిగా వర్తిస్తుంది. సమాచార హక్కు చట్టం కింద విచారణ కాగితాలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రిన్సిపల్ వినకపోతే ఆ గురుకులాన్ని నడిపే సొసైటీ ప్రాంతీయ అధికారిని కలవండి.

## ఫిర్యాదు చేయాలంటే

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ముందు స్కూలుకు లెటర్. వారంలో కదలిక లేకపోతే ఎంఈఓ, తర్వాత డీఈఓ. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమం (తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో పీజీఆర్‌ఎస్) నా అనుభవంలో త్వరగా పనిచేస్తుంది. అక్కడ అర్జీకి నంబరు పడుతుంది, కింది ఆఫీసు దానికి జవాబు రాయక తప్పదు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద ఇచ్చిన ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. ఒంటి మీద గాయాలుంటే ఈ వరసేమీ అక్కర్లేదు, నేరుగా పోలీసు స్టేషన్‌కే.

ప్రభుత్వ బడి అయితే స్కూలు కమిటీని మర్చిపోవద్దు. అందులో నాలుగింట మూడొంతుల మందికి తగ్గకుండా తల్లిదండ్రులే ఉండాలని చట్టం. చైర్మన్ మీ వీధిలోనే ఉంటారు, చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి.

కంప్లయింట్ ఇస్తే పిల్లాడి మీద కక్ష కడతారేమో?

భయం ఉత్తదేం కాదు. ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలో ఉంటాయి. అందుకే టీచర్ మీద కాకుండా జరిగిన పని మీద రాయండి, తిట్లు వద్దు, తేదీలు చాలు. ఒక్కరే కాకుండా అదే ఇబ్బంది పడ్డ ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెడితే స్కూలు ఏ ఒక్కరి మీదా గురి పెట్టలేదు. పిల్లాడి పాత మార్కుల కాపీలు దాచిపెట్టండి. హఠాత్తుగా పడిపోతే కనపడుతుంది.

## మళ్లీ బడికి

నేను టీచర్‌ని. కొట్టొద్దు, తిట్టొద్దు, పంపొద్దు అంటే క్లాసు నడిపేదెలా?

నిజమే, అరవై మంది క్లాసులో నిలబడ్డవాళ్లకే ఆ కష్టం తెలుస్తుంది. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక హెడ్మాస్టర్ పిల్లల చదువు ముందుకు సాగడం లేదని, వాళ్ల ముందే సాష్టాంగపడి గుంజీలు తీసిన వీడియో అందరూ చూశారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు టీచర్లకు పట్టిన గతి ఇదా అన్నారు. నాకైతే ఆయనకు చేతిలో ఇంకేమీ మిగల్లేదని అనిపించింది.

చట్టం మీ చేతుల్ని పూర్తిగా కట్టేయలేదు. సీటు మార్చొచ్చు, ఆటల పీరియడ్‌లో ఆపి మాట్లాడొచ్చు, పాడుచేసిన గోడను శుభ్రం చేయించొచ్చు (బాత్‌రూములు కాదు), క్షమాపణ చెప్పించొచ్చు, తల్లిదండ్రుల్ని పిలవొచ్చు. ఏం చేసినా ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రెండు వాక్యాలు రాసుకోండి. రేపు నిజంగా గట్టి చర్య అవసరమైన రోజున మిమ్మల్ని కాపాడేది ఆ పుస్తకమే.

సస్పెన్షన్ అయిపోయింది. వాడు బడికి వెళ్లనంటున్నాడు.

మొదటి రోజు మీరూ వెంట వెళ్లండి. అసెంబ్లీ అయ్యాక కాకుండా కాస్త ముందే వెళ్లి క్లాస్ టీచర్‌తో ఒక్క నిమిషం మాట్లాడండి: "మళ్లీ క్లాసులో ఆ విషయం ఎత్తొద్దు మేడమ్." పిల్లలు ఎక్కువగా భయపడేది తోటి పిల్లల ఎగతాళికే. రెండు వారాలైనా తిండి, నిద్ర సరిగా లేకపోయినా, చచ్చిపోతాననే మాట నోట వచ్చినా, బడి సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించండి. టెలీమానస్ 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కొత్త స్కూల్లో పాత గొడవ గురించి చెప్పాలా?

ఫారంలో అడగకపోతే మీరై చెప్పనక్కర్లేదు. అడిగితే అబద్ధం రాయొద్దు, "క్లాసులో గొడవ జరిగింది, మూడు రోజులు ఇంట్లో ఉన్నాడు, తర్వాత ఏ ఇబ్బందీ లేదు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఊళ్లో స్కూళ్ల ప్రిన్సిపల్స్ ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటూనే ఉంటారు కాబట్టి దాచినా వారంలో తెలిసిపోతుంది. సస్పెన్షన్ గురించి మీ దగ్గరున్న లెటర్లు, ముద్ర వేసిన కాపీలు పిల్లాడు టెన్త్ పాసై మెమో చేతికొచ్చేదాకా పారేయకండి.